ఖాలా మంచాన్ని ఎవరు మోశారు

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. మీటింగుల మీదా లేదు గానీ, ఊరి రక్షణ కమిటీలో ఉన్నాను కాబట్టి వాటికి పోక తప్పదు. దయ్యాల విషయంలో ఆ బలవంతం కూడా లేదు. ఎవరైనా "మా ఇంట్లో రాత్రిపూట ఏదో తిరుగుతుంది" అని చెబితే, ఎలుకేమో, బోను పెట్టండి అనే రకాన్ని నేను.

మాది పటాన్‌చెరు పక్కన ఊరు. కర్దనూర్‌కు ఎక్కువ దూరం కాదు, పేరు మాత్రం రాయను. ఊరికి ఆనుకునే ఒక కెమికల్ ఫ్యాక్టరీ ఉంది. వాసనలు మాకు అలవాటే. అలవాటు లేని వాసన వచ్చిన రోజు ఏం చేయాలో మనమే నేర్చుకుందామని కమిటీ పెట్టుకున్నాం. ముక్కుకు తడిబట్ట కట్టుకోవాలి. గాలి ఎటు నుంచి వస్తుందో చూసుకుని దానికి అడ్డంగా పక్కకు నడవాలి. నడవలేని వాళ్ళను నలుగురు కలిసి మోయాలి.

నడవలేని వాళ్ళ లిస్టులో మొదటి పేరు హమీదా ఖాలాది. ఖాలా అంటే పిన్ని, ఊరందరికీ ఆమె ఖాలానే. నడుము విరిగి మూడేళ్ళుగా మంచంలోనే ఉంది. కొడుకు మహమూద్ వెల్డరు, పగలంతా డ్యూటీలో ఉంటాడు. ఆమెను మోయాల్సిన నలుగురిలో నేనొకదాన్ని. కమిటీ పెద్ద నర్సింలన్న ఒకడు, మిగతా ఇద్దరు ఖాలా పక్కింటి అన్నదమ్ములు.

ఏడాదికి రెండుసార్లు డ్రిల్ చేస్తాం. ప్రతిసారీ ఖాలా వాకిట్లోకి వెళ్ళగానే నర్సింలన్న, "పెద్దమనిషిని ఎందుకు తక్లీఫ్ పెట్టుడు?" అంటాడు. అందరూ తలలూపుతారు. పక్కింటి నుంచి నవారు మంచం తెచ్చి, దాని మీద ఎవరో బక్కపలచని కోడలిని పడుకోబెట్టి, నవ్వుకుంటూ బడి దాకా మోస్తారు. ఫోటోలు, చాయ్, అయిపోయింది. ఒక్కసారైనా నిజం మనిషిని మోసి చూద్దామని నేను గొంతు చించుకున్నా ఎవరికీ పట్టదు. మర్యాదట! ఏం చేసుకుంటారు ఆ మర్యాదను?

వీళ్ళతో కాదని, ఊరికి చక్రాల స్ట్రెచర్ ఇప్పించమని అర్జీ రాసుకుని ఒక సోమవారం సంగారెడ్డి కలెక్టరేట్‌కు వెళ్లాను. రసీదు మీద పదకొండు నలభై అని టైము వేసి ముద్ర కొట్టారు. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది.

బయటికి వస్తుంటే నర్సింలన్న ఫోన్.

"చెల్లే, గ్యాస్ లీకైంది. మైకుల చెప్పిన, అందరం బడి కాడికొచ్చినం."

"ఖాలా ఏది?"

"నువ్వు తేలేదా?"

"నేను సంగారెడ్డిల ఉన్ననే! అన్నా, ఖాలా ఏది?"

నర్సింలన్న మైకు దగ్గర ఉండిపోయి మేం ముగ్గురం తెస్తామనుకున్నాడట. అన్నదమ్ములేమో నేను, నర్సింలన్న చూసుకుంటామనుకుని తమ పిల్లలను తీసుకుని నడిచారట. "ఆమె ఇంటికి మల్ల పోతున్న" అని పెట్టేశాడు. నేను పోతిరెడ్డిపల్లి చౌరస్తాకు ఆటోలో వచ్చి, అక్కడ బస్సెక్కి, తిట్టుకుంటూ, ఏడ్చుకుంటూ కూర్చున్నాను. తిట్లలో నా పేరూ ఉంది.

పది నిమిషాలకు మళ్ళీ ఫోన్. "దొరికిందే. బడి ఎనక వరండాల ఉంది. మంచంతోటే ఉంది."

"ఎవరు తెచ్చిన్రు?"

"నువ్వే తెచ్చినవంటుంది."

నేను ఊరు చేరేసరికి ఒంటిగంట దాటింది. ఖాలా తన ఇనుప మంచం మీదే నీడలో పడుకుని ఉంది. ముక్కు మీద తడి చున్నీ, దిండు పక్కన కళ్ళజోడు, మందుల డబ్బా. నీళ్ళు కావాలా అని అడిగితే మొహం తిప్పుకుంది.

"ఇప్పుడొచ్చి అడుగుతున్నవా పానీ గావాల్నా అని? అప్పుడు బతిమిలాడితె ఇయ్యలే."

"నేను రాలే ఖాలా. సంగారెడ్డి పోయిన."

"గీ వయసుల నన్ను పాగల్ చెయ్యకు. కాళ్ళ దిక్కు పట్టింది నువ్వే గద? ఎప్పుడు లొడలొడ మాట్లాడేదానివి, ఒక్క మాట మాట్లాడలే. గదే నాకు పరేషాన్ అయింది."

"మిగిలిన ముగ్గురెవరు?"

"మొకాలకు తడి బట్టలుండె. నాకేం ఎరుక?"

ఖాలా మతి తప్పిన మనిషి కాదు. కళ్ళజోడు పెట్టుకుంటే ఇప్పటికీ సూదిలో దారం ఎక్కిస్తుంది. నాకు భయం వేయలేదు, కోపం వచ్చింది. ఎవరో మంచి పని చేసి చెప్పకుండా దాక్కున్నారు, అంతే అనుకున్నాను. ఊరంతా అడిగాను. ఇల్లిల్లూ తిరిగి అడిగాను. మంచం మోసిన వాళ్ళు కాదు సరిగదా, మోస్తుంటే చూసిన వాళ్ళు కూడా ఒక్కరు లేరు. ఖాలా వాకిట్లో గంప కింద మూడు కోళ్ళు చచ్చి ఉన్నాయి.

సాయంత్రం మహమూద్ వచ్చాక, అతను, మా నలుగురిలోని ముగ్గురు మగవాళ్ళు కలిసి ఆ మంచాన్ని ఇంటికి మోసుకొచ్చారు. గుమ్మం దగ్గర ఆగిపోయింది. ఖాలాను వాకిట్లో చాప మీద పడుకోబెట్టి మంచాన్ని తిప్పారు, పక్కకు వాల్చారు, నిలబెట్టారు. ఎలా చూసినా నాలుగు వేళ్ళ తేడా. ఖాళీ మంచమే పట్టలేదు. మనిషి పడుకుని ఉన్న మంచాన్ని వాల్చడం కూడా కుదరదు కదా.

మహమూద్ చెమట తుడుచుకుని మెల్లగా అన్నాడు. "అక్కా, గిది పట్టదు. పైపులు తెచ్చి లోపల్నే వెల్డింగ్ చేసిన. అమ్మ పడకుంట రెండు దిక్కుల ఎత్తు కడ్డీలు పెట్టిన. ఇది ఎన్నడు బయటికి రాలే."

అప్పుడు వేసింది భయం. గుమ్మం తడిమి చూశాను. రంగు మీద గీత కూడా లేదు. కిటికీకి ఊచలు ఊచలుగానే ఉన్నాయి. చివరికి మహమూద్ కడ్డీలు కట్టర్‌తో కోసి, లోపలికి తీసుకెళ్ళి మళ్ళీ అతికించాడు. ఎట్లనో పట్టి ఉంటది లే అక్కా అన్నాడు. పట్టదని చెప్పింది వాడే.

తర్వాతి వారం పంచాయతీలో మీటింగ్. నడవలేని వాళ్ళతో సహా అందరినీ సురక్షితంగా తరలించారని చదివి, నాకు శాలువా కప్పబోయారు. నేను రాలేదండీ, మేం నలుగురం ఆమెను వదిలేశాం అని రసీదు చూపించాను. నర్సింలన్న నా చెయ్యి నొక్కాడు. "ఊకో చెల్లే. పని అయింది గద, ఎవరు చేస్తే ఏంది?" చప్పట్లు కొట్టారు. శాలువా కప్పేశారు. నా అర్జీకి కూడా జవాబొచ్చింది. ఊరి ఏర్పాట్లు బాగా పనిచేసినందున స్ట్రెచర్ ప్రస్తుతం అవసరం లేదట.

ఆ శాలువా కప్పుకుని నేను ఇంటికి నడిచిన నడక పగవాళ్ళకు కూడా వద్దు.

గుమ్మం వెడల్పు చేయించు అని మహమూద్‌ను ఎన్నిసార్లు అడిగానో. గోడ పగలగొట్టుడెందుకక్కా అంటాడు. మొన్న డ్రిల్‌కు పట్టుబట్టి ఖాలా దగ్గరికే వెళ్లాను. ఈసారి నిన్నే మోస్తం, నవారు మంచం మీదికి రా అన్నాను. ఆమె నవ్వి నా చెయ్యి పట్టుకుంది.

"పో బిడ్డా. నాటకాలెందుకు? అసలు రోజు నువ్వు వస్తవ్ గద."

నా చేతిని విడిపించుకోలేకపోయాను. ఆ రోజు వచ్చిందెవరో నాకు తెలియదు. మళ్ళీ వస్తారో లేదో ఎవరిని అడగాలో కూడా తెలియదు. నేను మాత్రం రాలేదు. ఆ ఒక్క సంగతే నాకు గట్టిగా తెలుసు, దాన్నే ఊళ్ళో ఎవరూ నమ్మరు.