నలభై సెకన్లను నమ్మలేకపోయాను

మాది తార్నాక, ఉద్యోగం పక్కనే యూనివర్సిటీలో. పోయినేడు మా డిపార్ట్‌మెంట్ అటెండర్ యాదగిరి రిటైరవుతుంటే, ఆయన ఫొటోలన్నిటితో వీడియో చేసే భారం నా మీద పడింది. మా కంప్యూటర్‌లో ఎడిటింగ్ అయ్యాక ‘ఎక్స్‌పోర్ట్’ నొక్కి, ఇంటికెళ్లి భోంచేసి, కునుకు తీసి, గడ్డం పెరిగాక తిరిగొచ్చినా వీడియో సగమే తయారయ్యేది.

వీడ్కోలు సభ పదకొండుకి. పదింటికి వీడియో చూసుకుంటే తప్పు బయటపడింది. యాదగిరి భార్య ఫొటో కింద, అలవాటుకొద్దీ మా ఆవిడ పేరు టైప్ చేసేశాను! సభకి ఇద్దరూ వస్తున్నారు.

పేరు సరిదిద్దబోతే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ మొదలెట్టింది. అది ముగిసేసరికి పదిన్నర. నా చొక్కా పిండితే బిందె నిండేది. పేరు మార్చి, దేవుణ్ణి తలుచుకుని ఎక్స్‌పోర్ట్ నొక్కాను. నలభై సెకన్లలో ‘పూర్తయింది’ అంది! ఇంత తొందరగానా? ఖాళీ ఫైలే అయి ఉంటుందని చెరిపేశాను. మళ్లీ నొక్కాను. మళ్లీ నలభై సెకన్లే. మళ్లీ చెరిపేశాను.

మూడోసారీ చెరపబోతుంటే మా క్లర్క్ సరిత నా చెయ్యి పట్టుకుంది.

“ఏంది సార్, తెరిచి చూడకుండనే చెరిపేస్తున్నరు? ఒక్కసారి ప్లే చేయుండ్రి!”

చేశాను. మొదటి ఫొటో నుంచి చివరి నమస్కారం దాకా అంతా ఉంది. అంతా ఆ అప్‌డేట్ మహిమే!

సభలో యాదగిరి భార్య తెర మీద తన పేరు చూసి, “గది నా పేరే!” అంటూ కళ్లొత్తుకుంది. మా ఆవిడ చప్పట్లు కొట్టింది.

మనిషి జీవితమంతటినీ నలభై సెకన్లలో తెర మీదికి మోసుకొచ్చిన ఆ కంప్యూటర్ ముందు, ఇప్పటికీ చెప్పులు విప్పే కూర్చుంటున్నాను.