ఇస్త్రీ బండి కాడ మిగిలిన ప్యాంటు

బస్సు ఆడోళ్లకు ఫ్రీయే. అయినా నేను సైకిల్ మీదనే పోత అన్న. మా అత్తమ్మకు సమజ్ కాలే.

బస్సుల అందరు ఎరుకైనోళ్లే. ఎల్‌బీ నగర్‌ల ఎక్కితే దిల్‌సుఖ్‌నగర్ దిగేదాంక ఎవరో ఒకరు నా చెయ్యి పట్టుకునేది. "ఎట్లయిందమ్మా? మీ ఆయన మంచిగనే ఉండె గద?" అని అడిగేది. నేను చెప్పేదాన్ని. పొద్దుగాల లేచిండు, చాయ తాగిండు, గోడకు ఒరిగిండు, దవాఖానకు పొయ్యేసరికి అయిపోయింది. చెప్పి చెప్పి అది వేరే ఎవరింట్లదో ముచ్చట లెక్క అయింది. వినేటోళ్లు ఏడిచేది. నాకు ఏడుపు రాకపోయేది. నేను ఏడ్వకపోతే వాళ్లు నన్ను ఇంకో తీరుగ చూసేది. కొన్నిసార్లు మధ్యలనే దిగి ఇంటికి మర్లొచ్చిన. వచ్చి చాపమీద కూసుంటే మళ్ల లేవబుద్ది కాకపోయేది. కూసున్నది కూసున్నట్టే చీకటయ్యేది. గిట్లనే నడిస్తే ఒకరోజు నేను ఇగ లేవనని నాకు తెలుస్తనే ఉండె.

నాది దిల్‌సుఖ్‌నగర్‌ల ఒక మ్యాచింగ్ సెంటర్‌ల పని. చీరెలకు ఫాల్ కుడత, అంచుకు పీకో కొడత. ఆ మిషన్ చప్పుడుల ఎవరు ఏం అడగరు. ఆడికి పోవాలె, దారిల ఎవరు ఆపొద్దు. నాకు కావాల్సింది అంతే. ఆయన సైకిల్ గోడకు ఆనిచ్చి ఉండె. చిన్నప్పుడు నల్లగొండ దిక్కు మా ఊర్ల, మా నాయన సైకిల్ బారు కిందికెల్లి కాలు పెట్టి తొక్కి నేర్చుకున్న. కాళ్లు మర్చిపోలే.

మొదటిరోజు చీరెతోనే పోయిన. మొగోళ్ల సైకిల్, మధ్యల అడ్డం బారు. కుచ్చిళ్లు పైకెత్తి, కొంగు నడుముకు చెక్కిన. కొత్తపేట కాడ కుచ్చిళ్లు చైన్‌ల పడ్డయి. సైకిల్ ఆగింది, నేను ఆగలే. పండ్ల బండ్లోళ్లు ఉరికొచ్చిండ్రు. గ్రీజంటిన చీరెను చైన్‌లకెల్లి గుంజుకుంట ఒకాయన నా మొఖం చూసిండు.

"అక్కా, బస్టాండ్ల పార్సిల్ ఆఫీసుల పనిచేసే అన్న వాళ్ల ఇంటామెవు కదా? గట్లెట్లయిందక్కా?"

చీరె సగం చైన్‌ల ఉండంగనే మళ్ల చెప్పిన. పొద్దుగాల లేచిండు, చాయ తాగిండు.

ఇంటికాడ ఆ చీరె ఉతుకుతుంటే పైనింటి ఓనరమ్మ మెట్లమీద నిలబడి చూసింది. ఆమెది విజయవాడ దిక్కు.

"ఏంటమ్మాయ్, చీర కట్టుకుని మగాళ్ల సైకిలెక్కావా? సర్కస్‌లో చేరదామనా? ఉండు, మా అమ్మాయి బట్టలు బీరువా నిండా ఉన్నాయి, ఇస్తాను."

లెగ్గింగ్స్ ఇచ్చింది, జీన్స్ ఇచ్చింది. లెగ్గింగ్స్‌తో తొక్కుడు తేలికగనే ఉండె. గని గాలికి కుర్త రెండు దిక్కుల లేచేది. ఒక చెయ్యి హ్యాండిల్ మీద, ఒక చెయ్యి కుర్త మీద. సిగ్నల్ కాడ బైకులోళ్లు చూసేది. సిగ్గు కూడ రాలే నాకు. గని చూసుడు మొదలైతే అడుగుడు ఎంతసేపు? జీన్సేమో మందం. చెమటకు తొడలకు అతుక్కొని, కుట్టు సీటు మీద ఒరుసుకొని, దుకాణంల మిషన్ ముందట కూసోనీకి రాకపోయేది. వాపస్ ఇచ్చేసిన. మళ్ల చాప మీద కూసున్న.

ఉప్పు తేనీకి బయటికి పోయినప్పుడు గల్లి మూలకు ఇస్త్రీ బండామె పిలిచింది.

"వదినా, మీ ప్యాంటు ఒకటి నా కాడనే ఉండిపోయింది. ఇద్దామంటే ఇన్నిరోజులు పానం ఒప్పలే."

పేపర్ల చుట్టి ఇచ్చింది. ఆయనది. బూడిద రంగు, డ్యూటీకి ఏసుకునేది. దినాలనాడు మా అత్తమ్మ ఆయన బట్టలన్ని మూటగట్టి ఇచ్చేసింది, పోయినోళ్ల బట్టలు ఇంట్ల ఉండొద్దని. బనియన్ కూడ మిగలనియ్యలే. ఇదొక్కటి ఇస్త్రీకి పోయి మిగిలింది.

తెల్లారి అదే ఏసుకున్న. నడుముకు నాడతోని బిగించిన. మీదికెల్లి మోకాళ్ల కిందిదాంక నా పాత కాటన్ టాపు. ప్యాంటు తొడలకు పట్టదు, లోపల గాలి ఆడుతది, సీటు మీద జారదు. చూసెటోళ్లకు మామూలు పంజాబీ డ్రెస్ లెక్కనే ఉంటది. పొడుగొక్కటే ఎక్కువైంది, కింద మడత పెట్టిన.

గేటు కాడ అత్తమ్మ పట్టుకున్నది.

"ఏందే అది?"

"ప్యాంటు."

"ఎవరిదని అడుగుతున్న."

"ఇస్త్రీ బండి కాడ ఉండె."

ఆమె ప్యాంటు దిక్కే చూసింది, నా మొఖం చూడలే. "తియ్యి బిడ్డా. పోయినోని బట్ట ఒంటిమీద ఏసుకుంటరా ఎవరన్న?"

"ఇది లేకుంటే పనికి పోలేను అత్తమ్మా. పోకపోతే నేను ఇగ లేవ." కోపంగ అనలే. కూరల ఉప్పు తక్కువైందన్నట్టు అన్న.

ఆమె లోపలికి పోయింది. మళ్ల వచ్చినప్పుడు చేతిల కత్తెర ఉన్నది.

"కొయ్యి."

"ఏం కొయ్యాలె?"

"అంచు కొయ్యి. కత్తెర పడి మళ్ల కుట్టినంక అది వానిది కాదు, నీది. మా తాత పోతే మా అవ్వ ఆయన దోతులు కోసి బొంత కుట్టుకున్నది, సచ్చేదాంక కప్పుకున్నది. ఎవలేమన్నరు?"

నా ముందటనే కొయ్యి అన్నది. లోపలికి పోయి ప్యాంటు విడిచొచ్చి, వాకిట్ల కూసొని, రెండు కాళ్లకు నాలుగు వేళ్ల వెడల్పు కోసిన. "జేబులు గూడ," అన్నది. జేబులు గూడ కోసిన. వాటిల ఏం లేదు. ఇస్త్రీకి ఇచ్చేటప్పుడు నేనే చూసి ఇచ్చిన. అంచు మడిచి, సూదితోని దూరం దూరం కుట్లేసి, మళ్ల ఏసుకున్న.

కోసిన పీలికలు ఊడ్చి పారేస్తదనుకున్న. ఆమె వాటిని ఏరుకొని, చిన్నగ సుట్టి, తన ఆకువక్కల సంచిల పెట్టుకున్నది. అన్ని ఇచ్చేసిన మనిషే. నేను చూసిన, చూసినట్టు ఆమె చూసింది. నాకేమనిపించలే. అనిపించాలె అని మాత్రం తెలిసింది.

"పో, లేటయితది," అన్నది.

కొత్తపేట కాడ చీరె గుంజిన పండ్లాయన దానిమ్మలు తుడుస్తుండు. తలెత్తి నా దిక్కు చూసిండు, మళ్ల పండ్ల దిక్కు చూసిండు. సిగ్నల్ పడింది, ఆగిన, పక్కన బైకు మీదామె ఫోన్ చూసుకుంటున్నది. పచ్చ పడింది, పోయిన. మెట్రో పిల్లర్ల నీడలు ఒకటెనుక ఒకటి నా మీదికెల్లి పోయినయి. ఎవరు ఆపలే.

దుకాణంల షట్టర్ ఎత్తిండ్రు. మిషన్ మీద ఎవరిదో ఎర్ర పట్టుచీరె ఫాల్ కోసం పెట్టి ఉన్నది. కూసున్న. ఎక్కడా ఒరుసుకోలే. కాలు మిషన్ పెడల్ మీద పెట్టిన.