ఏనుగులకు అన్నం పెట్టమన్న ప్రార్థన

రామకుప్పం వైపు మళ్ళీ ఏనుగులు రాగి చేలల్లో పడ్డాయన్న వార్త ఈ ఉదయం పేపర్లో చదువుతుంటే నాకు నవ్వొచ్చింది. రైతు నష్టపోతే నవ్వేదేమిటని మా అమ్మాయి కసిరింది గానీ, నాకు గుర్తొచ్చింది నా మొదటి ఉద్యోగమూ, అది పోతుందేమోనని నేను వణికిపోయిన ఒక శుక్రవారమూ.

అప్పట్లో నేను కుప్పంలో చర్చి వాళ్ళు నడిపే చిన్నపిల్లల బడిలో టీచరుగా కొత్తగా చేరాను. రోజూ అన్నానికి ముందు పిల్లల చేత బడి ప్రార్థన చెప్పించాలి. పన్నెండు వరుసలు, అన్నీ గ్రాంథికమే. మీ దగ్గర దాచడమెందుకు, అది నాకే సరిగా వచ్చేది కాదు. అయిదో వరుస దాటగానే తొమ్మిదికి దూకేదాన్ని. ఆ మాట పైకి చెప్పుకోలేక, కళ్ళు మూసుకుని ఎవరికి తోచింది వాళ్ళు దేవుడితో చెప్పుకోండని భారం పిల్లల మీదికి నెట్టేశాను. క్రైస్తవుల పిల్లలు, అంగళ్ళు పెట్టుకున్న ముస్లిముల పిల్లలు, చుట్టుపక్కల పల్లెల కూలీల పిల్లలు, అందరికీ అది తెగ నచ్చింది. ఒకడు సంగట్లోకి వాళ్ళమ్మ నూరిన చెనిక్కాయల ఊరుబిండి పచ్చడికి దండం పెట్టేవాడు, ఒకతె కొత్తగా పుట్టిన తమ్ముణ్ణి వెనక్కి తీసుకొమ్మని బతిమాలేది. నవ్వు ఆపుకోలేక నేను కొంగు నోట్లో కుక్కుకునేదాన్ని.

అలా ఆర్నెల్లు హాయిగా గడిచాక, ఆ శుక్రవారం బడిని చూసుకునే పెద్ద సిస్టరమ్మ తనిఖీకి వచ్చారు. ఆవిడ నవ్వగా చూసినవాళ్ళు లేరు. ప్రార్థన నేర్పని టీచరును అంతకుముందే ఒకరిని పంపించేశారని తోటి టీచరు నా చెవిన వేసింది. మా నాన్న కాలు విరిగి మంచంలో ఉన్న రోజులవి, ఇల్లు నా జీతం మీదే నడిచేది.

ప్రార్థన మొదలుపెట్టించమ్మా అన్నారు సిస్టరమ్మ. వచ్చిన అయిదు వరుసలైనా చెప్పిద్దామని పిల్లల వైపు తిరిగాను. ఇంతలో రామకుప్పం రోడ్డులోని పల్లె నుంచి వచ్చే నాలుగేళ్ళ పిల్ల తనంతట తానే లేచి చేతులు జోడించింది.

"సామీ, మా సేన్లో రాగులంతా ఏనుగులు తినేసినాయి. మా నాయన ఏడస్తా ఉండాడు. ఆటికి శానా ఆకలైనట్టుండాది. రేపట్నుంచి నువ్వే అడివిలో ఆటికి కడుపు నిండా పెట్టు."

అందరికంటే ముందు ఆమెన్ అన్నది పెద్ద సిస్టరమ్మే. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, వెళుతూ వెళుతూ నన్ను పక్కకు పిలిచారు.

"నీకు బడి ప్రార్థన రాదు గదమ్మా. నాకు గూడా నడిమధ్యలో నోరు తిరగదులే. పిల్లోళ్ళని ఇట్లే సెప్పనీ."

ఉద్యోగం నిలిచింది. ఆ బడిలోనే తల నెరిసేదాకా ఉన్నాను.

ఇప్పుడు మదనపల్లెలో మా మనవరాలు వెళ్ళే బడిలో ఎల్‌కేజీకే ఇంగ్లీషు ప్రార్థన, ఒక్క అక్షరం తప్పు పోదు. ఆ వీడియో వారం వారం మా అమ్మాయి ఫోనుకొస్తే నేనే పదిసార్లు పెట్టించుకుని చూసి మురిసిపోతాను. అయినా ఆ తప్పుల్లేని మాటల్లో మా పిల్ల మాట ఒక్కటీ వినబడక మనసు చివుక్కుమంటుంది. ఈ మధ్యాహ్నం అన్నానికి ముందు దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, దేవుణ్ణి నీకు తోచింది అడగమన్నాను. మిస్ అది నేర్పలేదని చెప్పింది.

సరే, నేను నేర్పుతానని కళ్ళు మూసుకుని ఏనుగుల దగ్గర మొదలుపెట్టాను.