సాంచెల మధ్య చెవి డబ్బాల పరీక్ష

నాగావ్‌లో మా చెల్లెలు పనిచేసే కార్ఖానాలో ఎవరూ గొంతుతో మాట్లాడరు. పదహారు సాంచెలు, అంటే మరమగ్గాలు, ఒకేసారి కొట్టుకుంటుంటే మాట ఎవరికి వినపడుతుంది? పెదవులు కదిపితే చాలు, అవతలివాళ్లు చదివేస్తారు. చిన్నప్పటి నుంచి రెండు చెవులకూ వినికిడి మిషన్లు పెట్టుకునే మా మేనకోడలు కూడా తల్లి పెదవులు చూస్తూనే పెరిగింది.

కానీ రైఫిల్ గురిపెట్టినప్పుడు ఆజ్ఞ వెనక నుంచి వస్తుంది. అక్కడ చూడ్డానికి పెదవులుండవు.

ఇరవై నాలుగేళ్ల ఈ పిల్ల మాన్కోలి గోదాములో పార్సిళ్లు స్కాన్ చేస్తుంది. ఆదివారాలు షూటింగ్ క్లబ్‌కు వెళ్తుంది. కాలేజీలో ఎన్‌సీసీతో అంటుకున్న పిచ్చి అది. ఈమధ్య 'స్టాప్' అన్న తర్వాత కూడా రెండుసార్లు కాల్చింది. మూడోసారి అలా జరిగితే ఇక లైన్ మీదికి రానివ్వనని అక్కడి అధికారి చెప్పేశాడు.

"అసలు చెవులకు ఏం పెట్టుకుంటున్నవ్?" అని అడిగాను.

"మిషన్లు బంద్ చేసి, వాటి మీద దూది కుక్కుకుంట మామా. అమ్మ సాంచెల కాడ పెట్టుకుంటది గదా."

"మరి కాల్చినంక?"

"పొద్దుగూకేదాంక చెవులల్ల గుయ్యిమంటది. అమ్మకు చెప్పకు, రైఫిల్ బంద్ చేపిస్తది."

ఆ గుయ్యిమనడమే నన్ను భయపెట్టింది. మర్నాడే ఠాణేలో చెవి మిషన్లు అమర్చే ఆవిడ దగ్గరికి తీసుకెళ్లాను. దూది మాటను ఆపుతుంది గానీ తూటా చప్పుడును ఆపదని ఆవిడ చెప్పింది. ఆపేసిన మిషన్ కూడా చెవికి మూత కాదట, సందుల్లోంచి శబ్దం లోపలికి పోతూనే ఉంటుందట. మిగిలిన వినికిడి పోతే తిరిగి రాదంది. ఒక జత ఎలక్ట్రానిక్ మఫ్‌లు చూపించింది. మిషన్లతో సహా చెవిని మొత్తం కప్పే డబ్బాలు అవి. మాటను లోపలికి పంపుతాయి, పేలుడును అణిచేస్తాయి. డబ్బా ఒత్తుకుంటే మిషన్ కీచుమంటుందని బాగా లోతున్నవి ఎంచింది.

ఇంటికి రాగానే మా చెల్లెలు పట్టుబట్టింది. "మా కార్ఖానల పెట్టి చూద్దాం అన్నా. గంత లొల్లిల ఇనపడితే ఆడ ఇనపడదా?"

నాకూ సబబే అనిపించింది. ఇన్నేళ్లు పత్రికలో పనిచేసి కూడా ఎదురు ప్రశ్న వేయలేదు.

పిల్ల డబ్బాలు పెట్టుకుని సాంచెల మధ్య మాకు వీపు తిప్పి నిలబడింది. తల్లి వెనక నుంచి పిలిచింది, అరిచింది. పిల్ల కదల్లేదు. ఆఖరికి తిరిగి చూసేసరికి తల్లి పెదవులు కదులుతున్నాయి. "మోసం! గివి ఉత్త పప్పు డబ్బాలు." అదొక్కటీ పిల్లకు చక్కగా అర్థమైంది. కళ్లనిండా నీళ్లు.

బయటికి వచ్చి ఠాణేకు ఫోన్ చేశాను. ఆవిడ పకపకా నవ్వింది. సాంచెల మోత ఆగదు కాబట్టి డబ్బా అణచడమూ ఆపదట. తుపాకీ మోత వచ్చి పోతుంది, ఆజ్ఞ ఆ ఖాళీలో వినపడుతుందట. ఫోన్ జేబులో వేసుకుని కార్ఖానాలోకి పరుగెత్తాను. ఈ వయసులో పరుగు! లోపల ఈ సంగతంతా పెదవులతో చెప్పలేక ఇద్దరినీ చేతులు పట్టి బయటికి లాక్కొచ్చాను.

ఆదివారం మా చెల్లెలు మొదటిసారి క్లబ్‌కు వచ్చింది. డబ్బాలకు అధికారి ఒప్పుకున్నాడు గానీ, రెండు హెచ్చరికలూ అలాగే ఉన్నాయన్నాడు. మాకూ చెవి బిరడాలు ఇచ్చారు. కాల్పులు మొదలయ్యాయి. ఒకటి, రెండు, మూడు. చెల్లెలు నా చొక్కా చేతిని పిండేస్తోంది. పిల్ల వేలు మళ్లీ ట్రిగ్గర్ మీదికి వెళ్లింది. సరిగ్గా అప్పుడే అధికారి అరిచాడు, "స్టాప్!"

వేలు వెనక్కి వచ్చింది. రైఫిల్ ఖాళీ చేసి కింద పెట్టింది. పక్క లైన్‌లో రెండు మంచి చెవులున్న పెద్దమనిషి మాత్రం ఇంకోటి పేల్చాడు.

పిల్ల వెలిగిపోతున్న ముఖంతో మా వైపు తిరిగింది. మా చెల్లెలు ఆనందం పట్టలేక ఏదేదో చెబుతోంది, చప్పుడు లేకుండా, ఉత్త పెదవులతో.

"అమ్మా, ఇది సాంచెల కార్ఖాన కాదే. గొంతుతోని చెప్పు, నాకు ఇనపడ్తది."

మా చెల్లెలు గొంతు సవరించుకుంది. ఆ అరుపుకు రేంజ్‌లో అందరూ తిరిగి చూశారు.

"ఆకలైతుందా బిడ్డా?"