మహూజ్ దొరగారి ఒంటి తుమ్ము

మా బావ రాజన్న బహ్రెయిన్‌లో ఒక బ్రిటిష్ లార్డు దగ్గర డ్రైవరు. ఈ మాట మా జగిత్యాలలో ఎవరూ నమ్మరు. "గా కోతలేందో నువ్వే సూసి రారా" అని అక్క పోరు పెట్టడంతో ఈ-వీసా తీసుకుని బయలుదేరాను. హైదరాబాదు నుంచి నేరుగా విమానం ఉంది, నాలుగు గంటల పైచిలుకు ప్రయాణం. ఎయిర్‌పోర్టు నుంచి రాజధాని మనామాకు సిటీ బస్సులో మూడు వందల ఫిల్సులే, అంటే అక్కడి చిల్లర డబ్బులే. అక్కడి నుంచి దొర ఉండే మహూజ్ పేటకు బావ కారులో తీసుకెళ్లాడు.

లార్డంటే కోట, గుర్రాలు ఊహించుకున్నాను. ఎనభై దాటిన ఆ పెద్దమనిషి రెండు గదుల ఫ్లాటులో నిక్కరు వేసుకుని వెల్లుల్లి ఒలుస్తున్నారు. కోట ఎప్పుడో అమ్ముడుపోయిందట. ఉద్యోగానికని వచ్చి, భార్య పోయాక కూడా ఇక్కడే ఉండిపోయారు. మేం వెళ్లేసరికి ఇల్లంతా పెట్టెలే. లండన్‌లో ఒంటరిగా ఉండే కూతురు ఆయన్ని ఆ సాయంత్రమే తనతో తీసుకుపోవాలని వచ్చింది.

"పోవుడు ఇష్టం లేదని నాకు చెప్తడు బామ్మర్ది, బిడ్డకు మాత్రం చెప్పడు," అని బావ నా చెవిలో అన్నాడు.

తీరా గడప దాటబోతుంటే దొర గట్టిగా ఒక్క తుమ్ము తుమ్మారు. బావ పెట్టె కింద పెట్టేశాడు. "ఒంటి తుమ్ము. జర కూసోండ్రి, నీళ్లు తాగి పోదాం." దొర అప్పటికే సోఫాలో కూర్చున్నారు. బావతో ఇన్నేళ్ల సావాసం ఊరికే పోతుందా?

నేను దొర కూతురికి ఇంగ్లీషులో వివరించాను. ఒక తుమ్మైతే ఆగాలి, రెండైతే నిక్షేపంగా వెళ్లొచ్చు. "అంతేకదా," అంటూ ఆవిడ వంటింట్లోంచి మిరియాల పొడి తెచ్చింది. తండ్రి రెండు చేతులతో ముక్కు మూసుకున్నారు. మూత తీసిన ఆవిడకే వరసగా రెండు తుమ్ములొచ్చాయి.

"అమ్మకు రెండు, అమ్మ పోవచ్చు. దొరకు ఒక్కటే," అని బావ తీర్పు చెప్పాడు.

అది ఎలా చెప్పాలో తెలియక ఉన్నదున్నట్టే చెప్పేశాను. ఆవిడ పగలబడి నవ్వి, తండ్రి పక్కన కూలబడింది. "రావడం ఇష్టం లేదని చెప్పొచ్చుగా నాన్నా."

"చెబితే నువ్వొక్కదానివే వెళ్లాలి కదమ్మా."

ఆవిడ కళ్లు తుడుచుకుంటూ, మిరియాల ఘాటు అంది. తర్వాత ఫోన్ చేసి తండ్రి టికెట్టు రద్దు చేయించింది, తనది వారం తర్వాతికి మార్పించింది.

నాకు నవ్వొచ్చింది. ఎంత గొప్ప వంశమైనా మా ఇంటి తంతే: అసలు మాట తప్ప అన్నీ మాట్లాడుకుంటారు. ఇక వెళ్లేవాళ్లకు ఒక సలహా. సాయంత్రం రోడ్ల మీద రద్దీ ఎక్కువ, విమానానికి బయలుదేరాల్సిన వేళకన్నా గంట ముందే ఇల్లు కదలండి. డ్రైవరు మనవాడైతే ఇంకో అరగంట కలుపుకోండి.