నాలుగో రోజు మధ్యాహ్న భోజనం

2003 ఫిబ్రవరి 11, మంగళవారం. గోరంట్ల మండలంలో ఒక చిన్న ఊరు, బడి ఆవరణ. శిబిరం నాలుగో రోజు. ఉన్నవారు: ఇంగ్లండు నుంచి వచ్చిన విద్యార్థులు పన్నెండు మంది, వారి టీచర్లు మిస్ వార్డ్, మిస్టర్ కోల్, వంటమనిషి నాగమ్మ, జీపు డ్రైవరు బాషా, ఊరి రైతు ఓబులేసు, నేను.

నా డైరీలో ఆనాటి పేజీ ఇలాగే మొదలవుతుంది. ఉదయం రాసిన ఈ వరసల కింద మిగిలిన పేజీ నింపడానికి నాకు రెండు రోజులు పట్టింది.

అనంతపురంలోని ఒక స్వచ్ఛంద సంస్థలో నేను పదకొండేళ్లు శిబిరాల కోఆర్డినేటరుగా పనిచేశాను. విదేశాల బడిపిల్లలు వచ్చి మా పల్లెల్లో కొన్నాళ్లుండి, ఊరివాళ్లతో కలిసి ఒక పని చేసి, ఆ పని నుంచి పాఠం నేర్చుకోవడాన్ని సర్వీస్ లెర్నింగ్ అంటారు. ఈ బృందానికి మేము అప్పగించిన పని గుట్ట వాలులో రాతికట్టలు వేయడం. పడ్డ నాలుగు చినుకులూ కొట్టుకుపోకుండా వాలుకు అడ్డంగా రాళ్లు పేర్చాలి. మొదటి రోజు పిల్లలు చేతులకు తొడుగులు వేసుకుని రాళ్లు అందించుకుంటుంటే ఓబులేసు నా పక్కకొచ్చి మెల్లగా అడిగాడు.

"ఇంత దూరం విమానమెక్కి వచ్చి రాళ్లు మోస్తాండారే, వాళ్ల దేశంలో రాళ్లు లేవా సార్?"

"ఉంటాయి. నీలాంటి మేస్త్రీ లేడంట" అన్నాను. దాంతో ఆ పూటంతా అతను పిల్లల మీద మేస్త్రీగిరీ చలాయించాడు.

ఇలాంటి శిబిరాలకు ముందుగా రిస్క్ అసెస్‌మెంట్ అనే పత్రం తయారుచేయాలి. ఎక్కడ ఏ ప్రమాదం రావచ్చు, వస్తే ఎవరు ఏం చేయాలి అన్నది అందులో రాస్తాం. నాది తొమ్మిది పేజీలు వచ్చింది. పాములు, వడదెబ్బ, మూత లేని బావులు, అన్నీ రాశాను. పిల్లల ఆరోగ్య పత్రాలు ఆరు నెలల ముందే ఫ్యాక్సులో తెప్పించుకున్నాను. అందులో హన్నా అనే పదిహేనేళ్ల అమ్మాయి పత్రం రెండుసార్లు చదివాను. ఆమెకు వేరుశనగ పడదు. పడకపోవడమంటే దద్దుర్లు, కడుపునొప్పి కాదు. ఒక్క గింజ లోపలికి పోతే గొంతు వాచి, ఊపిరాడక ప్రాణం పోవచ్చు. దానిని అనాఫిలాక్సిస్ అంటారు.

మా జిల్లాలో ఉన్నదే ఆ పంట. అయినా ఆ పిల్లను రావద్దని చెప్పబుద్ధి కాలేదు. అక్టోబరులో వస్తామన్నవాళ్లను, అది కాయ పెరికే కాలమని చెప్పి ఫిబ్రవరికి మార్పించాను. బడి గదిలో ఓబులేసు పెట్టుకున్న విత్తన కాయల మూటలు తీయించి, నేల రెండుసార్లు కడిగించాను. నాగమ్మను పిలిచి చెప్పాను.

"పొడిలో గానీ, పచ్చడిలో గానీ, తాలింపులో గానీ ఎక్కడా శెనక్కాయలు వేయకూడదు."

"ఒక్క గింజ పడనీను సార్. నాది పూచీ."

ఆమె మాట నిలబెట్టుకుంది. అది ముందే చెప్పాలి.

మూడు రోజులు మా ఆఫీసు స్టోరు నుంచి తెచ్చిన పాకెట్ నూనెతో వంట సాగింది. మూడో రోజు రాత్రి వంటతో పాకెట్లు అయిపోయాయి. "ఆ నూనెకు వాసనా లేదు, రుచీ లేదు. ఇంత దూరం వచ్చినోల్లకు అదా పెట్టేది? ఓబులేసన్న ఇంట్లో గానుగ నూనె ఉండాది, తెప్పించు సార్" అంది నాగమ్మ. తెప్పించాను. మూత తీసి వాసన చూసి, బాగుందన్నాను కూడా.

నాలుగో రోజు ఒంటిగంటకు భోజనాలు. అన్నం, పప్పు, వంకాయ వేపుడు, మజ్జిగ. హన్నా వేపుడు రెండోసారి పెట్టించుకుంది. పది నిమిషాలు కాకముందే పెదవులు రుద్దుకోవడం మొదలుపెట్టింది. తర్వాత దగ్గు. మిస్ వార్డ్ పళ్లెం కింద పెట్టి పరుగెత్తింది. ఆమె చేరుకునేసరికి ఆ పిల్ల మొహం ఉబ్బి, గొంతులోంచి ఈల లాంటి చప్పుడు వస్తోంది.

ఇలాంటప్పుడు వాడేది ఎపిపెన్. అడ్రినలిన్ మందు నింపిన సూది, చూడటానికి లావుపాటి పెన్నులా ఉంటుంది. తొడలో గుచ్చి కొన్ని క్షణాలు అదిమి పట్టాలి. మిస్ వార్డ్ బడిలో ఉన్నదాన్ని తెచ్చి అలాగే చేసింది. రెండు మూడు నిమిషాల్లో చప్పుడు తగ్గింది. అయితే ఆ మందు బలం పావుగంట మించి నిలవకపోవచ్చని ఆమె చెప్పింది. రెండో పెన్ను కావాలి. నా ప్రణాళిక ప్రకారం ఒకటి బడిలో, ఒకటి పనిచోట ఉండాలి. అంటే రెండోది గుట్ట దగ్గర సంచిలో ఉంది. గుట్ట తూర్పున, గోరంట్ల ఆసుపత్రి పడమట.

హన్నాను జీపులో పడుకోబెట్టాం. బాషా ఇంజను స్టార్టు చేసి నా వైపు తిరిగాడు. "యా పక్కకు పోయేది సార్?"

 తొమ్మిది పేజీల్లో ఈ ప్రశ్నకు జవాబు రాయలేదు.

"ఆస్పత్రికే పోనీ" అని అరిచాడు ఓబులేసు, అప్పటికే తన మోపెడ్ ఎక్కి. "నేను సంచి తీసుకొని సేన్లకడ్డంగా వస్తా. తార్రోడ్డు కాడ కలుస్తా."

మట్టిదారిన నాలుగు మైళ్లు. గుంతల్లో ఎగిరినప్పుడల్లా మిస్ వార్డ్ ఆ పిల్ల తలను ఒడిలో అదిమి పట్టుకుంటోంది. నేను గడియారం చూస్తున్నాను. పన్నెండో నిమిషంలో ఈల మళ్లీ మొదలైంది. పెదవులు నల్లబడుతున్నాయి. తారురోడ్డు చేరేసరికి అక్కడ ఎవరూ లేరు.

"ఆపేదా?" అన్నాడు బాషా.

"ఆపొద్దు. నిదానంగా పోనీ."

ఆ నిదానం ఎంతసేపో నా డైరీలో లేదు. కంది చేనులోంచి మోపెడ్ బయటికొచ్చింది. ఓబులేసు మోకాలు చీరుకుపోయి ఉంది, సంచి మెడలో ఉంది. కదులుతున్న జీపులోకే సంచి అందించాడు. రెండో పెన్ను గుచ్చేటప్పుడు హన్నా కళ్లు తెరిచి లేవు.

గోరంట్లలో డాక్టరు ఆక్సిజన్ పెట్టి, మళ్లీ అడ్రినలిన్ ఇచ్చి, సెలైన్ ఎక్కించాడు. ఊపిరి దారిలో పడ్డాక నన్ను బయటికి పిలిచాడు.

"ఏం తిన్నాదప్పా?"

తిన్నవన్నీ వరసగా చెప్పాను. "శెనక్కాయలు మాత్రం లేవు డాక్టరుగారూ, నేనే దగ్గరుండి చూశాను."

"వంకాయలు దేంట్లో వేయించినారు?"

"నూనెలో."

"ఏం నూనె?"

  మా వైపు నూనె అంటే శెనక్కాయల నూనె ఒక్కటే. పుట్టినప్పటి నుంచి తింటున్నదానికి అది దేని నూనె అన్న ఆలోచనే రాదు. గానుగ నూనెలో గింజ తాలూకు పదార్థం మిగిలే ఉంటుందని, ఈ జబ్బున్నవాళ్లకు అది గింజతో సమానమని ఆయన చెప్పాడు. మూడు రోజులు ఆ పిల్లను కాపాడింది నా తొమ్మిది పేజీలు కాదు. స్టోరులో దొరికిన పొద్దుతిరుగుడు నూనె పాకెట్లు.

నాలుగు గంటలకు హన్నా మిస్ వార్డ్‌తో మాట్లాడింది. ఆ వాపు మళ్లీ రావచ్చు కాబట్టి రాత్రికి అక్కడే ఉంచమన్నారు. నేను పొద్దు గుంకేలోపు ఊరు చేరాను. నాగమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది, పొయ్యి వెలిగించలేదు.

"పాప బతికిందా సార్?"

"బతికింది."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "నా చేతి కూడు తిని సచ్చిపోతాదని ఊర్లో ఆడోల్లంతా నన్నే చూస్తాండారు."

"నూనె తెప్పించింది నేను నాగమ్మా. తప్పు నాది. వాళ్లకూ అదే చెప్తాను."

"తప్పు ఎవరిదైతే ఏం సార్. నువ్వు శెనక్కాయలు వెయ్యొద్దన్నావు, నేను వెయ్యలే. ఎందుకు వెయ్యగూడదో నువ్వు చెప్పలే. పానం పోతాదని ఒక మాట చెప్పింటే, నేను ఆ నూనె పేరెత్తేదాన్నా? పిల్లోల్లకు పైత్యం చేస్తాదనుకుంటి."

నిజమే. భయపడి పని మానేస్తుందేమోనని చెప్పలేదు. ఆరోగ్య పత్రం నేను చదివాను, టీచర్లు చదివారు, అనంతపురంలో మా ఆఫీసువాళ్లు చదివారు. పొయ్యి దగ్గరుండే మనిషికి మాత్రం ఒక ఆజ్ఞ ఇచ్చి వదిలేశాను. ఆజ్ఞలో ఉన్నంతవరకే మనిషి పాటించగలదు. కారణం తెలిస్తే, ఆజ్ఞలో లేనిది కూడా తనంతట తానే చూసుకుంటుంది. తర్వాతి ఏడేళ్లలో నేను నడిపిన ప్రతి శిబిరంలో ఆ పత్రాలు మొదట వంటింట్లో, వంటమనిషి ఎదుట చదివాం. ఇలాంటి జబ్బున్న పిల్లలుంటే పెన్నులు రెండూ వాళ్ల వెంటే ఉండేట్టు కూడా రాసుకున్నాం.

మరుసటి ఉదయం ఊళ్లోని ఫోను దగ్గరికి మిస్ వార్డ్ కబురు వచ్చింది. హన్నా నిద్రపోయింది, పాలు తాగింది, మధ్యాహ్నానికి వస్తుంది. ఆ మాట చెబుదామని బడికి వెళ్లాను. నాగమ్మ వంటింటి సామానంతా బయట చాప మీద పరిచింది. నూనె డబ్బా దూరంగా గోడవార పెట్టింది. దాని పక్కనే పెనం, రెండు గంటెలు, కారం డబ్బా కూడా ఉన్నాయి.

"కారం ఎందుకు తీశావు?"

"ఇది దంచింది బడి ముందర రోట్లో సార్. ఊరంతా శెనక్కాయల పొడి దంచుకునేది దాంట్లోనే. పెనానికి నిన్నటి నూనె పట్టుకొని ఉండాది, తోమినా పోదు. మా ఇంట్లో కొత్త బొచ్చెలుండాయి, తెస్తా."

ఇవేవీ నా పత్రంలో లేవు. అప్పుడే మిస్టర్ కోల్ వచ్చాడు. రాత్రి పిల్లలెవరూ బిస్కెట్లు తప్ప ముట్టలేదు. హన్నా తిరిగొస్తే ఈ వంటింటి తిండి పెట్టవచ్చా అని నన్ను అడిగాడు. జవాబు చెప్పబోయి ఆగాను. "ఈమెను అడగండి, మీ మాట ఆమెకూ, ఆమె మాట మీకూ నేను చెబుతాను" అన్నాను. ఆయన బూట్లు విప్పి చాప అంచున కూర్చున్నాడు. నాగమ్మ ఆయన వైపు ఒకసారి చూసి, ఉప్పు డబ్బా చేతిలోకి తీసుకుని, అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పడం మొదలుపెట్టింది.