జర్మనీ కారుకు కొత్త పలుపు

మాఘమాసంలో ఒక గురువారం ఉదయం ఆరు గంటల బస్సుకు నేనూ మా చిన్నవాడు సన్యాసీ చోడవరం నుంచి విశాఖపట్నం బయల్దేరాం. పని, పాత కారు కొనడం. మా ఊరి నుంచి పట్నానికి ఆసుపత్రికని, కోర్టుకని, సముద్రస్నానానికని వెళ్లినవాళ్లు ఉన్నారు గాని, కారు కొనడానికి వెళ్లిన ముసలమ్మ నాకు ముందు ఎవరూ లేరనుకుంటాను. రేపు ఇంకెవరైనా వెళితే పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను. నేను చదివింది మూడో తరగతి. తప్పులుంటే దిద్దుకుని చదువుకోండి.

సన్యాసి యుద్ధంలో మిలిటరీ డ్రైవరు. ఎక్కడో ఇసుక ఎడారిలో జర్మనీ వాళ్లు వదిలేసి పారిపోయిన కారు ఒకటి ఆర్నెల్లు తోలాడట. ఆనాటి నుంచి వాడి నోట జర్మనీ కారు తప్ప మరో మాట లేదు. తిరిగొచ్చాక అనకాపల్లిలో బెల్లం లారీ తోలేవాడు. పోయిన ఏడు షావుకారు లారీ అమ్మేస్తే వీడు ఇంట్లో కూర్చున్నాడు. కారు కొని చోడవరానికీ అనకాపల్లికీ మధ్య కిరాయికి తిప్పుతానన్నాడు. పురుటికైనా పెళ్లికైనా మా వైపు ఎడ్లబండే గతి, అది నిజమే. మూడు నెలలు ఆలోచించి వాడి వాటా మెరక పొలం చెక్క అమ్మించాను. వడ్డాది సంతలో ఎద్దుల జతనూ అమ్మించాను. ఇక ఆ కారు మంచిదైతే వాడికి బతుకు. కుంటిదైతే పొలమూ ఉండదు, ఎద్దులూ ఉండవు. అందుకే వాడు వద్దంటున్నా వెంట వెళ్లాను. కారు తోలడం వాడికి తెలుసు. కొనడం నాకు తెలుసు. ముప్ఫై ఏళ్లుగా మా ఇంటికి వచ్చిన ప్రతి పశువునూ ఏరి తెచ్చింది నేనే.

సంచీలో దిబ్బరొట్టెలు, బెల్లం, నాలుగు అరిటాకులు, ఒక దుప్పటి, ఒక కొత్త పలుపు పెట్టుకున్నాను. పలుపు చూసి సన్యాసి నవ్వాడు.

"కారుకి పలుపేటమ్మా? మెడకి కడతావా, కొమ్ములకి కడతావా?"

"కొన్నదాన్ని పాత పలుపుతో ఇంటికి తేకూడదురా. అమ్మినోడు పలుపు ఇయ్యడు. మొన్న మన ఎద్దులమ్మితే మనం ఇచ్చేమా? పలుపు ఇచ్చేస్తే ఇంట్లో పాడి దాని ఎనకాలే పోతాది. నోరు మూసుకుని బస్సెక్కు."

బస్సు టిక్కెట్టు ఏడణాలు. ఏడున్నరకు అనకాపల్లిలో దిగాం. దారిలో పక్క సీటు బెల్లం దళారీ మా పని సంగతి విని ముక్కున వేలేసుకున్నాడు.

"జర్మనీ కారా? యుద్ధంలో ఓడిపోయినోళ్ల కారు ఏటికి మామ్మా?"

"కారు ఓడిపోనేదు బాబూ. తోలినోళ్లు ఓడిపోయేరు" అన్నాను. బస్సంతా నవ్వింది.

తొమ్మిది గంటల పాసింజరుకు మూడో తరగతి టిక్కెట్లు తీసుకున్నాం. స్టేషనులో కాఫీ తాగుదామన్నాడు సన్యాసి. కారు కొనకముందే కారున్నవాళ్ల అలవాట్లు ఎందుకని రొట్టె ముక్క చేతిలో పెట్టాను. పెట్టెలో నా ఎదుట కూతుర్ని చూడబోతున్న ఒకావిడ కూర్చుంది. కారు కొంటే తననూ ఎక్కించుకుంటానా అని అడిగింది. కిరాయి ఇస్తే కోడలినైనా ఎక్కించుకుంటానని చెప్పాను.

వాల్తేరు స్టేషనులో పదీ పావుకు దిగాం. ముందుగా కార్డు రాసి ఉంచాం కాబట్టి పదకొండుకల్లా కార్ల బ్రోకరు తన షెడ్డు ముందు నిలబడి ఎదురుచూస్తున్నాడు. అతని వెనక కారు. నల్లగా, ఏనుగు పిల్లంత ఉంది. సీట్లు మెత్తటి తోలు. కిటికీలకు పట్టు పరదాలు. లోపల కర్రపని మా ఇంటి దేవుడి పీట కంటే నున్నగా ఉంది.

"దొరగారు తప్ప ఇంకెవలూ కూకోనేదు పెద్దమ్మగారూ" అన్నాడు బ్రోకరు. "వారం రోజులై ఇక్కడ నుంచి కదల్నేదు. ఐనా సూడండి." సెల్ఫు కొట్టగానే కారు ఒక్క కూతతో లేచింది. సన్యాసి మొహం పెళ్లికొడుకు మొహంలా వెలిగిపోయింది. వాడి చెయ్యి అప్పుడే డబ్బున్న జేబు మీదకు పోయింది.

నేను ఆ చెయ్యి పట్టుకుని దింపాను. ఏ పశువునైనా ముందు ఒంటి మీద చెయ్యి వేసి చూడటం నాకు అలవాటు. కారు బానెట్టు మీద వేశాను. చెయ్యి చుర్రుమంది.

"వారం రోజులై కదలనిదానికి ఇంత జొరమేటి బాబూ?"

"ఎండకి పెద్దమ్మగారూ."

కారు ఉన్నది రేకుల నీడలో. సన్యాసిని బానెట్టు ఎత్తి చూడమన్నాను. లోపల బోల్టుల తలలన్నీ అరిగి గుండ్రంగా ఉన్నాయి. ఎందుకలా ఉన్నాయని అడిగితే వాడు గొంతు తగ్గించి చెప్పాడు. మన దేశంలో స్పానర్లన్నీ అంగుళాల కొలతవట. జర్మనీ వాళ్లది వేరే కొలత, మిల్లీమీటర్లు. సరిపడని స్పానరు బలవంతాన పెట్టి తిప్పితే బోల్టు తల ఇలా అరిగిపోతుందట. అంటే చేతకానివాళ్లు చాలామంది దీని పొట్టలో చెయ్యి పెట్టారన్నమాట. ఆలోచించుకుని వస్తామని చెప్పి వాణ్ని బయటకు లాక్కొచ్చాను.

"అంత బాగా లేచిందానికి వంకలేటమ్మా?" అని దారి పొడుగునా సణిగాడు.

"నిలబడ్డ ఎద్దుని సూసి కొనకూడదురా. పడుకున్న ఎద్దు లేస్తన్నప్పుడు సూడాలి. కాళ్లల్లో ఏటుందో అప్పుడు తెలుస్తాది. రేపు తెల్లారీ సరికి సెప్పకుండా ఎళ్దాం."

స్టేషను దగ్గర సత్రంలో దిగాం. చాపకు అణా అడిగారు. దుప్పటి ఉంది కనుక ఆ అణా మిగిలింది. సాయంత్రం నాలుగింటికి సముద్రం చూడబోయాం. నేను చూడటం అదే మొదలు. చాలా పెద్దది. వేలు ముంచి నోట్లో వేసుకుంటే ఉప్పు కషాయం. ఇన్ని నీళ్లుండి ఒక్క మడికీ పనికిరావు గదా అనిపించింది. అయినా అరగంట కూర్చున్నాం. గాలికి పైసా ఖర్చు లేదు.

శుక్రవారం ఐదింటికి లేచి నడిచాం. ఐదున్నరకు షెడ్డు సందు మొగలో ఉన్నాం. అక్కడ నలుగురు మనుషులు ఆ నల్ల కారును వెనక నుంచి నెడుతున్నారు. "హైసా" అంటే ఓ గజం కదిలి, దగ్గి, మళ్లీ ఆగిపోతోంది. నోట్లో పందుంపుల్లతో బ్రోకరు పక్కన పరిగెడుతున్నాడు. మమ్మల్ని చూసి పుల్ల నోట్లోంచి తీశాడు.

"ఇదేటి బాబూ?" అన్నాను.

"ఎక్సర్‌సైజు సేయిస్తన్నామండి పెద్దమ్మగారూ. పెద్ద కార్లకి పొద్దున్న పూట అవసరం."

"కార్లకి కాదు, నీకు అవసరం. తొయ్యి."

సన్యాసి సిగ్గుతో తల దించుకున్నాడు. ఎదురుగా టీ బడ్డీ దగ్గర ఖాకీ చొక్కా వేసుకున్న ఒక పెద్దాయన మాత్రం టీ ఒలికేదాకా నవ్వాడు. గ్లాసు దించి మా దగ్గరకు వచ్చాడు.

"అది లేవదు తల్లీ. దాని అప్ప నా కాడుంది. సూస్తారా?"

అప్ప అంటే మా వైపు అక్క. ఆయన పేరు గురువులు, పుట్టింది దేవరాపల్లి. చిన్నప్పుడే ఒక ఎస్టేటు దొరగారి దగ్గర డ్రైవరుగా చేరాడు. ఎస్టేట్లు పోయాక దొరగారు ఊరు విడిచి వెళుతూ రెండు జర్మనీ కార్లలో పాతది ఈయనకే ఇచ్చేశారు. కొత్తది చేతులు మారి బ్రోకరు పాలైంది. భార్య పోయింది, పిల్లలు లేరు. పెట్రోలు పోయించే స్తోమతు లేక అమ్ముదామనుకుంటున్నాడు.

పావుగంట నడిచి ఆయన పాక చేరాం. కొబ్బరాకుల కింద కారు. రంగు వెలిసింది, ముందు తలుపు ఒకదానికి సొట్ట, పరదాలు లేవు. సన్యాసి మొహం వాడిపోయింది. నేను బానెట్టు మీద చెయ్యి వేశాను. చల్లగా, మంచుకు తడిగా ఉంది. అప్పుడు చెప్పాను, "ఇప్పుడు లేపరా" అని. మొదటిసారి గుర్రుమంది. రెండోసారి గొంతు సవరించుకుంది. మూడోసారి లేచి నిలబడి, పెసలు విసిరే తిరగలిలా ఒక్క తీరున తిరిగింది. బోల్టుల తలలు చూశాను, నాణెం అంచుల్లా పదునుగా ఉన్నాయి. సంచీలోని అరిటాకులు కింద పరిపించి, అన్నం ఉడికేంతసేపు కారును అలాగే ఉంచమన్నాను. ఆకుల మీద రెండంటే రెండు నూనె చుక్కలు పడ్డాయి.

"ముసల్ది కదా తల్లీ, ఆపాటి జలుబుంటాది" అన్నాడు గురువులు.

పాత కారు కొనేవాళ్లు ఈ మూడూ చూసుకోండి. చల్లగా ఉన్నప్పుడు లేవాలి, బోల్టులు అరగకూడదు, ఆకు తడవకూడదు. పరదాలు తర్వాత కుట్టించుకోవచ్చు. ధర ఎంతని మాత్రం నన్ను అడగకండి. ఆయనకూ నాకూ నచ్చింది.

డబ్బు ఇచ్చాం. ఆయన తాళం ఇచ్చాడు. సన్యాసి పాక గుంజకు వేలాడుతున్న తోలు సంచీ చూసి చెయ్యి చాచాడు. అందులో ఉన్నవి జర్మనీ స్పానర్లు. గురువులు చప్పున ఆ సంచీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"ఇది ఇయ్యను బాబూ. సొమ్మునమ్మితే పలుపు ఇస్తారేటి?"

మా వైపు సొమ్ము అంటే పశువు. సన్యాసి నా మొహం చూశాడు. నా మాటే నాకు ఎదురొచ్చి నిలబడింది. పట్నంలో అలాంటి స్పానర్లు దొరుకుతాయేమోనని సన్యాసి ఎనిమిదింటి నుంచి పదకొండింటి దాకా మూడు కొట్లు తిరిగి వట్టి చేతులతో వచ్చాడు. అవి కలకత్తా నుంచి రావాలట, ఎప్పుడొస్తాయో తెలియదట. స్పానర్లు లేకపోతే మొదటిసారి ఆగిన చోటే ఈ కారు చెట్టుకింద రాయి. మెరక చెక్క పోయినట్టే.

నేను అరుగు మీద కూర్చుని ఆయన్ను అడిగాను. "కారే ఇచ్చేసినోడివి, ఈ ఇనప ముక్కల మీద అంత మమకారమేటి నాయినా?"

ఆయన సంచీ నిమిరాడు. "కారు దొరది తల్లీ. ఈ సంచీ నాది. ఇది కూడా పోతే నన్ను డ్రైవరు గురువులని ఎవలు పిలుస్తారు?"

పలుపు అడగకూడదని నాకూ తెలుసు. నేను ఏనాడూ ఇచ్చిన దాన్ని కాదు. ఆలోచించి లేచాను.

"సరే. పలుపు నీ కాడే ఉంచుకో. దాన్ని పట్టుకుని నువ్వు కూడా వచ్చీ. మావోడికి పని నేర్పు."

"జీతమేటి తల్లీ?"

"మూడు పూటలా తిండి, రెండు జతల బట్టలు, కిరాయిలో రూపాయికి రెండణాలు."

"మరి కాపీ?"

"కాపీ నేదు. గెంజి."

"కాపీ నేకపోతే నాకు సెల్ఫు తిరగదు తల్లీ" అన్నాడు. సన్యాసి పకపకా నవ్వాడు. కిరాయి ఉన్న రోజున ఒక కాఫీ అని ఒప్పుకున్నాను. ఈ ప్రయాణంలో నేను తగ్గింది అక్కడొక్క చోటే.

రెండు గంటలకు రోడ్డు దారిన బయల్దేరాం. సన్యాసి తోలుతున్నాడు, పక్కన నేను, వెనక ఒళ్లో సంచీతో గురువులు. పెందుర్తి దాటాక ముందు నుంచి ఆవిరి లేచింది. సన్యాసి రేడియేటరు మూత తీయబోతే వెనక నుంచి కేక పడింది.

"ఒరే ఒరే! రొప్పుతన్న ఎద్దుకి నీళ్లెడతావేట్రా? సల్లారనీ!"

ఇరవై నిమిషాలు ఆగి, బావి నీళ్లు పోశాం. ఒక బోల్టు బిగించడానికి గురువులు ఒక స్పానరు ఇచ్చి, పని కాగానే లెక్క చూసి సంచీలో పెట్టుకున్నాడు. సబ్బవరం మలుపులో నా వైపు సొట్ట తలుపు తెరుచుకుని ఊగింది. సన్యాసి నా కొంగు పట్టుకుని ఆపాడు కాబట్టి ఇది రాయగలుగుతున్నాను. గురువులు సంచీ అంతా వెతికాడు. లోపల స్ప్రింగు విరిగిందట, దానికి ఏ స్పానరూ పనిచెయ్యదట. నేను నా సంచీలోంచి కొత్త పలుపు తీశాను. సన్యాసి ఈసారి నవ్వలేదు. గురువులు తలుపును దానితో బిగించి, పశువుల్ని కట్టే ముడే వేశాడు.

"కొత్త పలుపు పడ్డాది తల్లీ. ఇంక ఇది మీ సొమ్మే." ఆ మాట అని చేతిలో ఉన్న స్పానరు సంచీలో పెట్టకుండా సన్యాసికి ఇచ్చాడు. "ఇది నీ కాడుంచు. మిగతావి పని నేర్చుకున్న కొద్దీ ఇస్తాను."

అక్కడి నుంచి కారు ఎక్కడా ఆగలేదు. రెండు పక్కలా చెరుకు తోటలు వెనక్కి పోతుంటే, ఎద్దుల గిట్టల చప్పుడు లేకుండా ఊరు మన దగ్గరకు రావడం విచిత్రంగానే ఉంది. జర్మనీ అయినా వడ్డాది అయినా కొనేవాడి చెయ్యి చూసేది ఒకటే, వేడీ చల్లానూ. పట్నం వెళ్లి నేను తెలుసుకున్నది అదీ, సముద్రం ఉప్పనీ.

ఐదున్నరకు చోడవరం చేరాం. పొద్దున్నే లేపడం సులువని గురువులు కారును పల్లం వైపు మొహం పెట్టించి నిలిపించాడు. నా తలుపు కట్టేసి ఉంది కనుక సన్యాసి దిగాక అటు నుంచే దిగాను.

"రేపు తెల్లారి లేస్తాదో నేదో సూస్తారా తల్లీ?" అని అడిగాడు గురువులు.

"దాన్ని ఇయ్యాళ తెల్లారే సూసేసేను" అన్నాను. "రేపు నువ్వెప్పుడు లేస్తావో సూస్తాను."